రెండు చెవుల గిన్నె

శ్రీకాకుళం,
16 ఫిబ్రవరి 2016.

ఎస్తేరు అక్కకు,

తమ్ముడు జ్ఞానప్రకాశం వందనాలు. నేనూ రత్నమూ బాగానే ఉన్నాం. నీ మోకాలు ఎలా ఉంది? విజయనగరంలో ఆ మూడో అంతస్తు ఇల్లు మార్చమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

మొన్న ఫోనులో నేను గొంతు పెంచిన మాట నిజం. నువ్వు టక్కున పెట్టేసిన మాట కూడా నిజం. అందుకే నాన్న పద్ధతికి వచ్చాను. మనం కొట్టుకున్నప్పుడు చెరో పలకా ఇచ్చి, నోటితో వద్దు, రాసి చూపించుకోండి అనేవాడు కదా. రాసేసరికి సగం కోపం పోయేది. ఈసారి పోతుందో లేదో చూడాలి.

సంగతి తవిటమ్మది. నువ్వు చూసి ఉండవు. సముద్రం పక్కన మొగపేట మనిషి. చేపల గంప నెత్తిన పెట్టుకుని అరసవల్లి వీధుల్లో తిరిగి అమ్ముతుంది. పదేళ్ల కిందట మన మిషను గుడిలో బాప్తిస్మం తీసుకుంది. పేరు మార్చుకోమని అప్పటి పాస్టరు అయ్యగారు అడిగితే, "మా యమ్మ ఎట్టిన పేరు దేవుడికి తెల్దేటి?" అందట. అక్షరం ముక్క రాదు. మనవరాలి చేత చదివించుకుని వాక్యాలన్నీ కంఠతా పట్టింది. అంతవరకూ నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఈ మధ్య ఆవిడ ప్రసంగాలు మొదలుపెట్టింది. గుడిలో కాదు, సముద్రపు ఒడ్డున. తెల్లవారి పడవలు వచ్చే వేళకి బోర్లించిన పడవ ఎక్కి నిలబడి మాట్లాడుతుంది. మన సంఘం వాళ్లు పదిమంది ఉంటే, అమ్మవారికి మొక్కే వలవాళ్లు యాభైమంది చేతిలో పని ఆపి మరీ వింటున్నారట. ఇది చాలదన్నట్టు ప్రతి శనివారం సాయంత్రం తన ఇంట్లో పన్నెండుమంది ఆడవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి, ఆ వారం ఎవరు ఎక్కడ తప్పు చేశారో ఎవరికి వారి చేత చెప్పిస్తుంది. ఇళ్ల గుట్టంతా మొగపేట చేరుతోందని పెద్దల గగ్గోలు. పాటలు నేర్చుకుంటానని రత్నం కూడా వెళుతోంది.

కమిటీ వాళ్లు నా మీద పడ్డారు. సెక్రటరీని నేనే కదా. చదువు లేదు, అనుమతి లేదు, పైగా ఆడమనిషి అంటున్నారు. మానకపోతే ఈస్టరు తరవాత ఆవిడను బల్ల నుంచి ఆపుతారట. నెలకోసారి అందరికీ ఇచ్చే ఆ రొట్టె ముక్క, ఆ గుక్కెడు ద్రాక్షరసం ఇవ్వకపోతే ఇక ఆ మనిషి సంఘంలో లేనట్టే. నువ్వు బడిలో చరిత్ర చెప్పినదానివి. ఇలాంటివి ఇదివరకు జరిగి ఉంటే ఏ పద్ధతిలో ఆపారో వివరంగా రాయి. ఫైల్లో పెట్టుకుంటాను.

నీ తమ్ముడు,
జ్ఞానప్రకాశం


విజయనగరం,
22 ఫిబ్రవరి 2016.

ఒరే జ్ఞానం,

మోకాలు నా మాట వినడం మానేసి చాలా రోజులైంది. ఇల్లు మారను. ఇక్కడి నుంచి కోట బురుజు కనిపిస్తుంది, పొద్దున్న కాఫీ దాన్ని చూస్తూ తాగుతాను. ఆ విషయం ఇంకెత్తకు.

తాలూకా ఆఫీసు నుంచి రిటైరై నాలుగేళ్లయినా నీకు ఇంకా ఫైలు కావాలిరా! ఎలా ఆపారో రాయమన్నావు. ఆపలేకపోయారు. అదే రాస్తున్నాను, ఫైల్లో పెట్టుకో.

రెండువందల డెబ్బై, ఎనభై ఏళ్ల కిందట ఇంగ్లండులో జాన్ వెస్లీ అనే పాస్టరు ఉండేవాడు. ఆయన చెప్పేది మరీ వేడిగా ఉందని గుడులవాళ్లు ఒక్కొక్కరే తలుపులు మూసుకున్నారు. బయటికి పోయి పొలాల్లో, బొగ్గుగనుల పక్కన నిలబడి చెప్పాడు. గుడి గడప తొక్కని గని పనివాళ్లు వేలల్లో వచ్చారు. పెద్దమనుషులకు అది నచ్చలేదు. రాళ్లు పడ్డాయి, ఒకచోట జనం మీదికి ఎద్దును కూడా తోలారు. మెథడిస్టులు అనే పేరు కూడా మొదట ఎగతాళికి పెట్టిందే. అప్పట్లో మీలాంటి కమిటీ ఉండి ఉంటే, తీర్మానం చేసి సంతకాలు పెట్టి మరీ రాళ్లు విసిరేది.

అసలు సంగతి ఇది. అంత చేసిన వెస్లీకి కూడా ఒకరోజు నీ రోగమే వచ్చింది. ఆయన ఊళ్లో లేనప్పుడు మాక్స్‌ఫీల్డ్ అని, పాస్టరు చదువు చదవని ఒక మామూలు మనిషి లండనులో ప్రసంగం చేశాడు. వెస్లీ మండిపడి, ఆపిస్తానని పరుగున వచ్చాడు. ఇంట్లో ముసలి తల్లి ఉంది. ఆవిడ, తొందరపడకు నాయనా, ముందు వెళ్లి నీ చెవులతో విను అంది. వెళ్లాడు, విన్నాడు, ఆపడం మానేశాడు.

నువ్వు ఆ తవిటమ్మను ఒక్కసారైనా విన్నావా? ఉత్తరమంతా వెతికాను, ఆ ముక్క కనపడలేదు.

ఇందులో మడిచిపెట్టిన వేరే కాగితం రత్నానికి. ఆడవాళ్ల సంగతులు, నువ్వు విప్పకు.

నీ అక్క,
ఎస్తేరు


శ్రీకాకుళం,
8 మార్చి 2016.

అక్కకు,

నువ్వు నన్ను రాళ్లు విసిరేవాళ్లలో కలిపేశావు. పైగా నా మీద నీకు ఎంత గౌరవమో అందరికీ తెలిసేలా చేశావు. తప్పు నాదే అనుకో. చరిత్ర ఉంది కదా పనికొస్తుందని నీ ఉత్తరం కమిటీలో పైకి చదివాను. ఆ సంతకాల మాట దగ్గరికి వచ్చేసరికి ఆపుకునే వ్యవధి లేకపోయింది. ప్రెసిడెంటు జగన్నాధం గారు కళ్లజోడు తీసి, "సెక్రటరీ గారూ, మీ అక్కగారు ఏ సంఘం?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అది పోనీ. వ్యవహారం ఇప్పుడు ప్రసంగాలు దాటిపోయింది. మొన్న ఐదో తారీఖు శనివారం తవిటమ్మ ఇంట్లో రొట్టె విరిచి పంచారు. ఒకే గిన్నె చేతులు మార్చుకుంటూ పన్నెండుమందీ తాగారు. పక్కింటి లక్ష్మణమ్మ కిటికీలోంచి కళ్లారా చూసింది. పాస్టరు లేకుండా, అభిషేకం లేకుండా చేపలమ్మే మనిషి ప్రభువు బల్ల ఇచ్చింది! ఒడ్డున మాట్లాడితే సహించవచ్చు, ఇది ఎవరు సహిస్తారు? మన అయ్యగారు చిన్నవాడు, ఇంకా ఏమీ అనలేదు. కమిటీ మాత్రం నిప్పులు కక్కుతోంది. ఈ నెల ముప్పయ్యో తారీఖు బుధవారం విచారణ. ఏప్రిల్ మూడు ఆదివారం బల్ల. అభియోగం రాసే పని నాది.

రత్నాన్ని అడిగితే, "నాకేటీ తెల్దండీ" అని వంటింట్లోకి పోయింది. రెండు రోజులుగా పులుసులో ఉప్పు లేదు.

జ్ఞానప్రకాశం


శ్రీకాకుళం,
13 మార్చి 2016.

అక్కకు,

నీ జవాబు రాలేదు. ఉడుక్కున్నావనుకుంటాను. నాకేం తొందర లేదు. అభియోగం పూర్తయింది. నాలుగు అంశాలు, తవిటమ్మ పేరు మీద. సంతకం కూడా పెట్టాను. ఇక ఈ విషయంలో నాకు చరిత్ర పాఠాలు అక్కర్లేదు.

జ్ఞా.


విజయనగరం,
13 మార్చి 2016.

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు కలం పట్టలేదు. ఉడుక్కుని కాదు, భయపడి.

నేను రత్నానికి రాసిన కాగితంలో ఏముందో చెబుతాను. శనివారం కూడికలో అందరూ ఏడుపు మాటలే చెప్పుకుంటున్నారు వదినా, సంతోషంగా చేసుకునేది ఏమైనా ఉంటే చెప్పమని తను ఫోనులో అడిగింది. పాత మెథడిస్టులు ప్రేమవిందు అని ఒకటి చేసుకునేవారని రాశాను. అది బల్ల కాదు. ఉత్త రొట్టె, ఉత్త నీళ్లు. రెండు చెవుల గిన్నెలో నీళ్లు పోసి, చేతి నుంచి చేతికి అందించుకుని, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పుకునేవారు. పాస్టరు అక్కర్లేదు. ఆ రోజుల్లో దాని మీదా లేనిపోని పుకార్లు పుట్టాయి. అది రాయడం మరిచిపోయాను. బడిలో కూడా అంతే, పిల్లలు అల్లరి చేస్తే పాఠం సగంలో వదిలేసేదాన్ని.

కాబట్టి లక్ష్మణమ్మ చూసింది ప్రేమవిందే. అది తవిటమ్మ బుర్రలో పుట్టింది కాదు. నా కలంలో పుట్టి, నీ ఇంటి మీదుగా మొగపేట వెళ్లింది. రత్నాన్ని కసురుకోకు. ఆ తప్పు నాది.

నిన్ను రాళ్లవాళ్లలో కలపలేదురా. వేళాకోళం ఆడాను. ఎదురుగా ఉంటే నా మొహం చూసి నవ్వేవాడివి. కాగితానికి మొహం ఉండదని నాన్న మనకు చెప్పలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒక్కడివే వెళ్లి మాట్లాడు, వినకపోతే సాక్షుల్ని తీసుకెళ్లు, ఆ తరవాతే సంఘానికి చెప్పు అని కదా మన వాక్యం. నువ్వు నేరుగా మూడో మెట్టు మీద నిలబడ్డావు. మొదటి మెట్టు ఎక్కి రా.

అక్క


శ్రీకాకుళం,
21 మార్చి 2016.

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. నా 13వ తారీఖు ముక్క చింపెయ్యి.

నీది చదివి మొదట మండిపోయాను. నిజం చెప్పాలంటే తవిటమ్మ చేత అవునో కాదో చెప్పించాలని వెళ్లాను కాని వినడానికి కాదు. శనివారం తెల్లవారకుండానే స్కూటరు తీశాను. మొగపేట చేరేసరికి ఆవిడ పడవ మీద నిలబడి ఉంది. నేను వలల పాక వెనకాల నక్కాను, దొంగలాగ.

ప్రసంగమంటే మన అయ్యగారి మాదిరి మూడు భాగాలూ ఒక ముగింపూ కాదు. "ఊరందరికీ నీతులు సెప్తన్నాను గదా, నిన్న పొద్దు కోడల్ని నోటికొచ్చినట్టు తిట్టింది ఎవులు? నానే. తిట్టినాక కాళ్లట్టుకున్నాను. అది నవ్వీసింది. వల తెగితే సముద్రాన్ని తిట్టుకుంటామేటి? కూకుని ముడేసుకుంటాం. మనుసులు తెగినా అంతే" అంది. అందరూ నవ్వారు. కోడలు పక్కనే చేపలు ఏరుతోంది, అదీ నవ్వింది. తరవాత ఒక పాట, చిన్న ప్రార్థన. అంతే. పావుగంట కూడా లేదు.

నన్ను అసిరయ్య చూసేశాడు. పడవ యజమాని, వయసులో బాగా పెద్దవాడు. "గుడి బాబు గదా? మాకు మా అమ్మోరు ఉన్నాది, మీ గుడికి మేం రాం. ఆవిడ రమ్మనీ అన్లేదు. కానీ ఈ మాటలినే నాను సారా మానేసినాను. దీన్ని ఆపీసేది నువ్వేనా?" అన్నాడు.

తరవాత ఆవిడ ఇంటికి వెళ్లాను. రొట్టె ఎవరు తెచ్చారని అడిగాను. "నానే" అంది. ఈ ఆలోచన ఎవరిది? "నాదే." గిన్నె ఎవరిది? "నాదే బాబూ, సంతలో కొన్నాను." తొణక్కుండా చెప్పింది.

గిన్నె తెమ్మన్నాను. తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు చెవుల స్టీలు గిన్నె. అంచు మీద అక్షరాలు కొట్టి ఉన్నాయి, 'చి. జ్ఞానప్రకాశం, చి.సౌ. రత్నం, 12-5-1983, ఎస్తేరు చదివింపు'. మా పెళ్లికి నువ్వు ఇచ్చిన గిన్నె అక్కా. నా పేరున్న గిన్నె నా చేతికే ఇచ్చి తనదని చెబుతోంది. పాపం చదువు రాదు.

"దీని మీద నా పేరు ఉంది" అన్నాను.

గిన్నె వైపు ఒకసారి చూసింది. తరవాత, "ఉంటే ఉండనీ బాబూ. నేరం నా మీదే ఉంచీయండి. అమ్మగోరి పేరు కాయితంలోకి ఎక్కితే మీరు గుడిలో తలెత్తలేరు. నానైతే ఎనకాల సాప మీద కూకునేదాన్నే గదా" అంది.

నేను లేచి వచ్చేయబోతుంటే, "మీ పేణం ఎలాగున్నాది బాబూ?" అని అడిగింది. శనివారం కూడికలో ఒక్కొక్కరినీ అడిగే మాట అదేనట. ప్రాణం బాగానే ఉందన్నాను. "అది గుమ్మం కాడ సెప్పే మాట. లోనకొచ్చి సెప్పండి" అంది.

అక్కా, నేను మళ్లీ కూర్చున్నాను. గుడి తలుపు తీసేదీ మూసేదీ నేనే కాని, లోపల కూర్చుంటే నాకు ఏమీ అనిపించక చాలా ఏళ్లయిందని చెప్పాను. రత్నానికి కూడా ఎప్పుడూ చెప్పని మాట. నవ్వలేదు, వాక్యం చెప్పలేదు. "నాకూ మద్దెలో అలాగే అయినాది బాబూ" అని మంచినీళ్లు ఇచ్చింది. నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఏడ్చాను.

ఇంటికొచ్చి రత్నాన్ని అడిగితే భోరుమంది. "సెప్తే మీరు ఏమైపోతారోనని భయపడ్డానండీ. నేరం ఆవిడ మోస్తంటే నాను ఊరుకున్నాను, అదే నా పాపం అని పోయిన శనివారం కూడికలో సెప్పీసినాను" అంది. కూడికలో అందరికీ తెలుసు. తెలియనిది అభియోగం రాసిన నాకే.

ఇప్పుడు బుధవారం ఏం చేయాలి? నిజం చెబితే రత్నాన్ని బల్ల నుంచి ఆపుతారేమో. చెప్పకపోతే తవిటమ్మను ఆపుతారు. నాకు భయంగా ఉంది.

జ్ఞానం


విజయనగరం,
25 మార్చి 2016. శుభ శుక్రవారం.

నా తమ్ముడికి,

గుడి నుంచి ఇప్పుడే వచ్చాను. మెట్లెక్కి ఆయాసం తీరకముందే రాస్తున్నాను.

చెప్పెయ్యి. నా పేరుతో సహా చెప్పు. ఆ ప్రేమవిందు అంటే ఏమిటో, ఎవరు ఎవరికి రాశారో సంతకం పెట్టి వేరే కాగితం జత చేశాను. ఈసారి వేళాకోళం ఒక్క ముక్క లేదు, ధైర్యంగా పైకి చదువుకో. నన్ను ఏ సంఘమని అడిగితే, ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి, మన నాన్న కూతుర్నని చెప్పు.

భయపడితే పడు. భయపడుతూనే చెప్పు. నువ్వు ఏడ్చానని రాసిన చోట నేనూ ఏడ్చాను. నీ గురించి ఇంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. రత్నాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం తిను. పులుసులో ఉప్పు వేసిందా?

అక్క


శ్రీకాకుళం,
4 ఏప్రిల్ 2016.

అక్కా,

ఉప్పు వేసింది. ఒకరోజు రెండుసార్లు వేసింది.

బుధవారం కమిటీలో నేను రాసిన అభియోగం నేనే చదివాను. చదివి, తవిటమ్మ పేరు కొట్టేసి, దాని పైన మా ఇంటి పేరు రాసి జగన్నాధం గారి ముందు పెట్టాను. తరవాత నీ కాగితం చదివాను. గది దద్దరిల్లింది. ఒకాయన నన్ను రాజీనామా చేయమన్నాడు, చేశాను. ఇంతలో రత్నం తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆ గదిలోకి కాఫీ పళ్లెంతో తప్ప ఆడమనిషి రావడం నేను చూడలేదు. "రొట్టె నాను కొన్నాను. నీళ్లు నాను పోసినాను. మా ఆయన పేరున్న గిన్నెలోనే పోసినాను. ఆపితే నన్ను ఆపండి" అని, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది.

అప్పుడు అయ్యగారు నోరు విప్పారు. బన్ను రొట్టె, కుళాయి నీళ్లు బల్ల ఎలా అవుతాయి, నాకు అర్థం కావడం లేదు అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. చేతులెత్తించారు. బల్ల నుంచి ఆపాలన్నవాళ్లు నలుగురు, వద్దన్నవాళ్లు ఐదుగురు. జగన్నాధం గారు ఆ నలుగురిలోనే, ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు. గుడిలో ప్రసంగం మాత్రం తవిటమ్మకు ఇవ్వలేదు. ఒడ్డున ఆపడానికి ఒడ్డు మనది కాదని అయ్యగారు అన్నారు. ఆయన కూడా ఒకరోజు తెల్లవారి వెళ్లి వింటారట. నా రాజీనామా తీసుకున్నారు, కొత్త మనిషి దొరికేదాకా పని నన్నే చేయమన్నారు. ఎవరూ దొరకరు, నాకు తెలుసు.

ఇక నిన్నటి ఆదివారం సంగతి. బల్ల సిద్ధమైంది. పాట అయింది. వెనక చాప మీద చూస్తే తవిటమ్మ లేదు. రత్నం వైపు చూశాను, రత్నం నా వైపు చూసింది. అప్పుడు వెలిగింది. తీర్పు ఆవిడకు ఎవరూ చెప్పలేదు! రత్నం చెప్పిందని నేను అనుకున్నాను, సెక్రటరీని కదా, కాగితం నేను పంపానని రత్నం అనుకుంది. వాళ్ల వీధి ఆడవాళ్లేమో, పెద్దల మాట మనకెందుకని నోరు మెదపలేదు.

అయ్యగారు రొట్టె చేతిలోకి తీసుకున్నారు. నేను లేచి, "అయ్యగారూ, కాస్త ఆగండి" అన్నాను. గుడి నిండా జనం, అందరూ నా వైపే తిరిగారు. ఎందుకని అడగకుండా ఆయన రొట్టె మళ్లీ పళ్లెంలో పెట్టారు.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాను. మొగపేట దాకా పోవాలేమో అనుకున్నాను. అంత దూరం పోనక్కర్లేకపోయింది. ప్రహరీ గోడ బయట, రోడ్డు మీద నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, కొంగు తల మీద ఉంది. లోపలి పాట వినిపిస్తుంది కదా, గోడ అవతల నుంచే పెదాలు కదుపుతోంది. నన్ను చూసి, తప్పు చేస్తూ దొరికినట్టు నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఏటి బాబూ, నా పేరు తీసీసినారా?" అంది.

ఇంట్లో అలా యాసలో మాట్లాడితే రత్నాన్ని సరిదిద్దేవాణ్ణి. నిన్న నా నోట అదే యాస వచ్చింది.

"ఉన్నాది" అన్నాను. "నీ పేరు ఉన్నాది. రా అమ్మా, నీ కోసం అందరూ కూర్చున్నారు."

ఆవిడ కదల్లేదు. "అందరూనా?" అంది.

"అందరూ" అన్నాను.

తీసుకొచ్చాను. మేమిద్దరం లోపలికి వచ్చేసరికి ఆ గుడి అలాగే కూర్చుని ఉంది. పసిపిల్లలు తప్ప ఎవరూ మాట్లాడలేదు, ఒక్కరు లేచిపోలేదు. జగన్నాధం గారు కూడా. తవిటమ్మ చాప మీదికి వెళ్లబోతే రత్నం తన పక్కన జరిగి చోటిచ్చింది. అప్పుడు అయ్యగారు మళ్లీ రొట్టె చేతిలోకి తీసుకున్నారు.

నీ తమ్ముడు,
జ్ఞానం